అప్పన్న పేరున్న రాయి

మా హిస్టరీ మాస్టారు పోయారని మొన్న పొద్దున్నే మేం పెరిగిన మరోదా నుంచి తమ్ముడు మా పక్కింటి ఫోనుకి చేశాడు. రిసీవర్ పెట్టేశాక నాకు ముందు గుర్తొచ్చింది ఆయన వేలిగోళ్ళ కింద నల్ల పెయింటు.

దుర్గ్ పక్కనున్న ఉక్కు ప్లాంటు కాలనీ మరోదా. అక్కడ మన తెలుగువాళ్ళ నాటకాల స్టేజీ ఉంది. తొలిరోజుల్లో ప్లాంటు డ్యూటీ దిగి వచ్చి, ఇటుకలు మోసి కట్టుకున్నారట. దాని ముందువైపు రాయి మీద ‘అప్పన్న’ అని ఒక్క పేరు. ఆ అప్పన్న ఎవరో ఎవరికీ గుర్తులేదు. అయినా ఏటా దసరా ముందు మాస్టారు ఆ అక్షరాలకు రంగు వేసేవారు.

“ఎవరండీ ఈయన?” అని అడిగాను ఒకసారి.

“నాకూ తెలీదమ్మా. పేరు కనిపిస్తూ ఉంటే, ఎరిగినవాడు ఎవడో ఒకడు ఆగుతాడు.”

నేను పదో క్లాసులో ఉండగా స్టేజీకి రేకుల కప్పు పడింది. వేయించిన పెద్దాఫీసరు పేరు అదే రాయి మీద, అప్పన్నని అరగదీసి చెక్కిద్దామంది కమిటీ. మాస్టారు మీటింగుకి వచ్చి, “ఆయన అడిగేడేటి, తన పేరు చెక్కమని?” అన్నారు. అప్పుడు మాకు క్లాసులో చెప్పిన పాఠమే వాళ్ళకీ చెప్పారు. గ్రీసు రోమన్ల ఏలుబడిలోకి వెళ్ళాక, అక్కడి ఊళ్ళవాళ్ళు తమ పాత విగ్రహాల కింది పేర్లు చెరిపి రోమన్ దొరల పేర్లు చెక్కారట. విగ్రహం అదే, మనిషే మారిపోయాడు.

“రోమన్లని తిట్టుకోకండర్రా. ఆ పాత రాళ్ళు చూడ్డానికి ఓడలెక్కి వొచ్చినోళ్ళూ వాళ్ళల్లో ఉన్నారు. చెరిపింది సొంతూరోళ్ళే.”

“ఛోడియే మాస్టారూ, వదిలేయండి! ఒక్క రాయి కోసం గ్రీసు దాకా ఎందుకు?” అన్నాడు కమిటీ ప్రెసిడెంటు.

“అయితే దుర్గ్ దాకా వెళ్ళి ఇంకో రాయి తెచ్చుకుందాం, పదండి.”

అందరూ నవ్వేశారు. ఆఫీసరు పేరుకి పక్కన వేరే రాయి వచ్చింది.

ఇంట్లో కూడా హిందీలోనే దెబ్బలాడుకునే పిల్లని నేను. ఆ సాయంత్రమే నాన్నని కూర్చోబెట్టి మా తాతది ఏ ఊరో అడిగాను. అలా అడగాలని నాకు తోచేలా చేసినందుకు మాస్టారికి వెయ్యి దణ్ణాలు.

మొన్న రాత్రే రైలెక్కి మరోదా వచ్చాను. నిన్న స్టేజీ దగ్గరే సంతాప సభ జరిగింది. ఆ ప్రెసిడెంటే కళ్ళు తుడుచుకుంటూ, “అప్పన్న రాయి తీసేసి మాస్టారి పేరు పెడదాం” అన్నాడు. చాలామంది తలలూపారు. నేను లేచాను.

“ఆయన అడిగేరేటి?”

ప్రెసిడెంటు నావైపు చూసి, ఏడుస్తూనే నవ్వాడు. తనే వెళ్ళి పెయింటు డబ్బా తెచ్చి నా చేతికిచ్చాడు. అప్పన్న అక్షరాలకు ఈసారి నేను రంగు వేశాను.

నా గోళ్ళ నలుపు సబ్బుకి వదల్లేదు. కిరసనాయిలు పెట్టి తోముకోవాలి. రేపు చూద్దాం.