కొంగు లేని చీర

నటేశన్ నగర్‌లో మా మనవడి ఇంటికి ఎదురుగా చిన్నపిల్లల బడి ఒకటి పెట్టారు. ఆటలు, పాటలు, మధ్యాహ్నం కాసేపు నిద్ర. మూడేళ్ళు నిండని మా మునిమనవణ్ణి అందులో చేర్చారు. నిద్రకి ఇంటి నుంచి దుప్పటి పంపమన్నారని మనవడి పెళ్ళాం బజారుకి పోయి ఏనుగుబొమ్మల దుప్పటి కొత్తది కొనుక్కొచ్చింది. వాడు ఆ ఏనుగుల మీద పడుకోనని రోజూ ఏడ్చి, తక్కిన పిల్లలందరినీ లేపి కూర్చోబెడుతున్నాడట. "ఏంది అవ్వా వీడు, అంత మంచి దుప్పటి తెస్తే!" అని ఆ పిల్ల నా దగ్గర వాపోయింది. "నీ పాత నైటీ ఒకటి ఉతక్కుండా పంపించు" అన్నాను. ఈ ముసలిదానికి మతి పోయింది అన్నట్టు చూసింది నన్ను. మతి బాగానే ఉంది. మా అమ్మ గుర్తుకొచ్చింది, అంతే. ఆ సంగతి గుర్తొస్తే మాత్రం, ఇన్నేళ్ళ తర్వాత కూడా, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

అది ఫ్రెంచివాళ్ళ కాలం. మేము మూలకుళం దాటాక ఉన్న పల్లెలో భూమి ఉన్నవాళ్ళం. మా నాన్న జ్వరంతో పోయాడు. ఏడాది తిరక్కుండానే ఆ భూమిని దాయాదులు దున్నుకున్నారు. మా అమ్మ నన్ను చంకనేసుకుని, చూపు సరిగా ఆనని మా అవ్వని చేయి పట్టుకుని నడిపించుకుంటూ పట్నం చేరింది. నూలు మిల్లులో కండెలకి దారం చుట్టే పని దొరికింది. మరి నన్ను చూసేదెవరు? మా అవ్వ చూస్తూ ఉండగానే నేను రెండుసార్లు పొయ్యిలో చెయ్యి పెట్టాను. చూస్తూ ఉండగా అనడం మర్యాదకి, పాపం ఆమెకి పొయ్యీ కనపడదు, నేనూ కనపడను.

మిల్లు వెనక సందులో ఒక పెంకుటిల్లు ఉండేది. అందులో పిల్లలు లేని ఒక పెద్దావిడ పనికి పోయే తల్లుల బిడ్డలని పెట్టుకుని చూసేది. అరవంలో అమ్మమ్మని పిలిచినట్టు అందరూ ఆమెని ఆయా అనేవాళ్ళు. పొద్దున మిల్లు సంగు, అదే సైరన్, మోగేసరికి పిల్లలందరూ అరుగు మీద ఉండాలి. ఆయా వరసగా మా ముక్కులు తుడిచి, తలలు దువ్వి, రాగి జావ తాగించి, పాటలు నేర్పేది. వారానికోసారి తెల్ల దొరసాని ఒకామె గొడుగేసుకుని వచ్చి మా గోళ్ళు చూసి, తలా ఒక రొట్టెముక్క ఇచ్చేది. ఆ రొట్టె కోసం మేము "బొంజూర్ మదాం" అని ఎంత గట్టిగా అరిచేవాళ్ళమంటే ఆమె చెవులు మూసుకునేది. సాయంత్రం తల్లులు వచ్చినప్పుడు ఆయా వాళ్ళని ఊరికే పోనిచ్చేది కాదు. కాసేపు కూర్చోబెట్టి, గజ్జికి ఏం రాయాలి, విరేచనాలు పట్టుకుంటే ఏం తాగించాలి అని చెప్పేది. ఆదివారం వాళ్ళే వచ్చి ఇల్లు అలికేవాళ్ళు. తల్లులకి కూడా అది బడే.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. బిడ్డని చేర్చేటప్పుడు తల్లి తన పాత చీర ఒకటి తెచ్చి ఇవ్వాలి. మధ్యాహ్నం చాప మీద దాన్ని మడిచి పరిస్తే, అమ్మ వాసన తగిలి బిడ్డ నిద్రపోతాడని ఆయా నమ్మకం. గంజి వాసన, వక్కాకు వాసన, చేపల వాసన, ఎవరి అమ్మ వాసన వాళ్ళది. మా అమ్మ ఏం తెచ్చిందో తెలుసా? పట్టుచీర. తన పెళ్ళిచీర. ఎర్రటి పట్టుకి జానెడు జరీ అంచు.

సందంతా చెప్పుకున్నారు. కురుచికుప్పం నుంచి చేపలు తెచ్చి అమ్మే ఒక అత్త ఉండేది, ఆమె కొడుకు నా పక్క చాప. నోరు పెద్దది. "అబ్బో, పట్టు మీద పండుకునే మారాణి వచ్చిందిరోయ్! మా చేపల గంప యాడ పెట్టుకోవాల?" అంది. మా అమ్మ తలొంచుకుని మిల్లుకి వెళ్ళిపోయింది. వాళ్ళకది గీరగా కనిపించింది.

ఆ పట్టు మీద నేను ఒక్క రోజూ నిద్రపోలేదు. దానికి కర్పూరం, పెట్టె అడుగున వేసిన వేపాకు వాసన తప్ప అమ్మ వాసన లేదు. జరీ చెంపకి గీసుకునేది. పైగా చాప మీద నిలవక జారేది, జారి జారి చేపలత్త కొడుకు మీద పడేదాన్ని, వాడు లేచి ఏడ్చేవాడు, వాడితో పాటు అందరూ. కొన్నాళ్ళు ఓర్చుకుని ఒక సాయంత్రం ఆయా అందరి ముందే చెప్పేసింది. "ఈ బిడ్డ వల్ల ఎవురికీ నిదర లేదమ్మా. పట్టు వొద్దు, నువ్వు కట్టి మాసిన పాతది తే. తేకుంటే కొన్నాళ్ళు ఇంట్లోనే పెట్టుకో."

ఇంట్లో పెట్టుకుంటే మిల్లు పని ఉండదు. మిల్లు లేకపోతే పొయ్యి వెలగదు. అది మా అమ్మకి తెలుసు. ఈలోగా చేపలత్త అందుకుంది. "పెద్దింటోళ్ళు కదా ఆయా, పాత చీరలన్నీ పనోళ్ళకి ఇచ్చేసుంటారు. అంతే కదమ్మా?"

"ఆమాం" అని ఒప్పేసుకుంది మా అమ్మ.

అసలు సంగతి తర్వాత మా అవ్వ చెబితే నాకు తెలిసింది. మా అమ్మకి ఉన్నవి రెండు నూలు చీరలు. ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద. ఇంట్లో ఇవ్వడానికి మిగిలిన చీర ఏదైనా ఉందంటే అది మొగుడు పోయాక ఇక కట్టకూడని ఆ పెళ్ళిచీర ఒక్కటే. అమ్ముదామంటే అవ్వ ఒప్పుకోలేదు. బిడ్డ కిందికి అంటే మాత్రం, "నా కొడుకు బిడ్డే కదా పండుకునేది" అని ఒప్పుకుంది. పాతది లేక పట్టు ఇచ్చింది మా అమ్మ. లేనిదాన్నని అనిపించుకోవడం కంటే గీరదాన్నని అనిపించుకోవడం ఆమెకి నయమనిపించింది.

మర్నాడు పొద్దున అమ్మ నన్ను ఆయాకి అప్పగిస్తూ చిన్న గుడ్డ చుట్ట ఒకటి చేతిలో పెట్టింది. ఆయా విప్పి చూసింది. మట్టిరంగు నూలు, అంచు చీకిపోయి, మధ్యలో మాసిక. నేను పుట్టినప్పటి నుంచీ నోట్లో పెట్టుకుని నిద్రపోయిన కొంగు అది. నేను గబుక్కున లాక్కుని ముఖానికి అదుముకున్నాను. అప్పుడు ఆయా తలెత్తి మా అమ్మని చూసింది. చేపలత్తా చూసింది. అరుగు మీద ఉన్న తల్లులందరూ చూశారు.

ఆ రోజుల్లో కూలికి పోయే ఆడవాళ్ళకి రవిక అలవాటు లేదు. కొంగే మానం. భుజం మీదుగా వీపంతా కప్పుకుని, ముందుకి తెచ్చి నడుములో దోపుకోవాలి. మా అమ్మ చీర భుజం దాకా వచ్చి ఆగిపోయింది. కత్తిరించిన చోట పోగులు వేలాడుతున్నాయి. వీపు సగం కనపడుతోంది. అది జారిపోకుండా కొసని పిడికిట్లో బిగించి పట్టుకుని, రెండో చేయి రొమ్ముకి అడ్డం పెట్టుకుని నిలబడింది.

ఎవరూ నవ్వలేదు. చేపలత్త తన తలగుడ్డ విప్పి, "ఏందమ్మా ఇది, ముందే చెప్పకూడదా?" అంటూ మా అమ్మ వీపు మీద కప్పబోయింది. మా అమ్మ తీసుకోలేదు. సంగు మోగుతోందని గొణిగి, గోడవారగా, వీపు గోడకేసి నడుచుకుంటూ పోయింది. ఆ మధ్యాహ్నం నేను హాయిగా నిద్రపోయానట. నిద్ర లేవగానే జావ ఇంకా కావాలన్నానట. నాలుగేళ్ళ బిడ్డకి ఏం తెలుసు అంటారు మీరు. నిజమే. కానీ సిగ్గుకి తప్పొప్పుల లెక్క ఉండదు. మా అమ్మ కొంగు తెగింది నా నిద్ర కోసం. అది తలుచుకుంటే నా వీపే బయటపడ్డట్టు ఉంటుంది.

రోజు విడిచి రోజు ఆ కొంగు లేని చీరే కట్టుకుని అమ్మ మిల్లుకి వెళ్ళింది. మిగతా తల్లులు తలా ఒక పాతది తెచ్చి ఆయా దగ్గర పెడితే, "మాకు ఉండాయమ్మా" అని అమ్మ వాపసు ఇచ్చేసింది. నేను పెద్దబడికి వెళ్ళాక ఆ ముక్కని మళ్ళీ చీరకి కుట్టుకుంది. ఆ తర్వాత మాకు రోజులు మారాయి. నాకు మంచి సంబంధం కుదిరింది, మా ఆయన పండగ పండగకీ అత్తగారికి చీర పెట్టేవాడు. ఇంటికి ఎవరొచ్చినా మా అమ్మ నన్ను చూపించి, "పట్టు మీద పండుకున్న బిడ్డ ఇది" అని గర్వంగా చెప్పేది. నేను తల ఊపేదాన్ని. ఆ కొంగు గురించిన రెండో ముక్క ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ఎంత పెద్ద కొంగున్న చీర కట్టినా అమ్మ వీపంతా రెండు చుట్లు కప్పుకుని, కొస పిడికిట్లో బిగించి పట్టుకునేది. అన్నం తినేటప్పుడూ అంతే, మంచాన పడ్డప్పుడూ అంతే. కాలం మా అమ్మకి పెట్టె నిండా చీరలు తెచ్చి ఇచ్చింది గానీ, ఆ పిడికిలి మాత్రం విప్పించలేకపోయింది.