జేజినాయన అడగని ప్రశ్న

పోయిన నెల కర్నూలులో కంటి ఆసుపత్రికి వెళ్లి వరుసలో కూర్చుని ఉండగా, లోపలి నుంచి నర్సమ్మ పదకొండో నంబరు అని మూడుసార్లు పిలిచింది. ఆ చీటీ పట్టుకున్న ముసలాయన నా పక్కనే ఉండి, వినబడకనో ఏమో, కదలలేదు. ఆమె విసుక్కుని పన్నెండు అనేసింది. తర్వాత ఎవరో ఆయనను లేపి లోపలికి పంపారు, ఆయనకు వచ్చిన నష్టమేమీ లేదు. నాకు మాత్రం డెబ్బై ఏళ్ల కిందట పోయిన మా జేజినాయన, అదే మా తాత, వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చున్నట్టే అనిపించింది.

కోయిలకుంట్లలో మా జేజినాయనను అందరూ కౌన్సిలు పెద్దాయన అనేవారు. తెల్లదొరల కాలంలో ఆయన చెన్నపట్నం శాసనమండలిలో సభ్యుడు. ఇప్పటిలాగా అందరికీ ఓటున్న రోజులు కావవి. శిస్తు కట్టే రైతులు, నాలుగక్షరాలు వచ్చిన పెద్దమనుషులు వేస్తే చాలు, మగ్గం నేసేవాడికీ కూలికి పోయేవాడికీ అందులో పని లేదు. ఓటేసినోళ్లంతా మన పెండ్లి పందిట్లో పడతారని మా జేజి ఆయనను ఆటపట్టించేదట. తలపాగా చుట్టి, మెడదాకా గుండీలు పెట్టుకునే కోటు తొడిగి, నంద్యాల దాకా ఎద్దుల బండిలో పోయి రైలెక్కేవాడని, తిరిగి వచ్చిన రోజున సభలో ఏం జరిగిందో వినడానికి అరుగు నిండా జనం కూర్చునేవారని చెప్పుకునేవారు. ఆయన చెప్పిందే వార్త, ఇంకెవరు వెళ్లి చూసొచ్చారు గనక.

నాకు ఊహ తెలిసేసరికి అదంతా ముగిసిపోయింది. నేనెరిగిన జేజినాయన మాట తక్కువ మనిషి, చూపు మందగించినవాడు. ఆయనకొక వింత అలవాటు ఉండేది. కళ్లంలో జొన్నలు కొలుస్తూ జీతగాళ్లు ఒకటి అనకుండా లాభం, రెండు, మూడు అని పాడుకుంటూ పోయి పదకొండు అనగానే, మంచం మీద కూర్చున్న ఆయన చటుక్కున లేచి నిలబడేవాడు. నోరు కొంచెం తెరిచేవాడు. మళ్లీ మెల్లగా కూర్చునేవాడు. కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయని మా నాయన అనేవాడు గానీ, నాకు మాత్రం ఆ ముఖం చూస్తే భయం వేసేది, ఎవరో పిలిచి దండిస్తున్నట్టు ఉండేది ఆ ముఖం.

నేను హైస్కూల్లో చేరి ఇంగ్లీషు కూడబలుక్కుంటున్న ఏడాది, ఒకనాడు ఆయన నా చేత పెట్టెలోంచి సభ కార్యక్రమాలు అచ్చేసిన పుస్తకం ఒకటి తీయించి, కాగితం గుర్తు పెట్టిన చోట చదవమన్నాడు. పదకొండో ప్రశ్న, కింద జేజినాయన పేరు. కరువు పనుల్లో నేతగాళ్ల చేత కంకర కొట్టిస్తున్నారని, పోగు పట్టాల్సిన వేళ్లు అట్లా చెడిపోతే వానలు పడ్డాక కూడా వాళ్లు బతకలేరని, దానికి బదులు నూలిచ్చి గుడ్డ నేయించి తీసుకుంటారా అని ప్రశ్న. దాని అడుగున ఒకే పంక్తి, సభ్యుడు ప్రశ్న వేయలేదు అని.

సభలో పద్ధతి అట్లా ఉండేదని ఆయనే చెప్పాడు. ప్రశ్న ముందే రాసి పంపాలి, దానికి నంబరు వేస్తారు, అధ్యక్షుడు ఆ నంబరు పిలిచినప్పుడు రాసిన మనిషే లేచి అడగాలి. లేవకపోతే అది అంతటితో సరి. తన ప్రశ్న రావాల్సిన రోజు పొద్దున ఒక దొర ఆయనను తేనీటికి పిలిచి, మంచి ప్రశ్న, సభ దాకా ఎందుకు, నేనే ఉత్తరువు వేయిస్తానని చెయ్యి కలిపాడట.

"మాటిచ్చినోని మొగం మీద మళ్లా నలుగురిలో అడిగితే, ఆయన మాట నమ్మనట్టు గాదా పాపా. అందుకే లేయలేదు."

మాటంటే ప్రాణం పెట్టే సీమ మనిషి కదా, అందరూ అట్లాగే ఉంటారనుకున్నాడు. ఆ దొర సెలవు మీద ఇంగ్లండు పోయాడు. ఉత్తరువు రాలేదు. నేతగాళ్లు వానలు పడేదాకా కంకర కొట్టారు. ఊరికి తిరిగొచ్చిన జేజినాయన, సభలో ఏమైందని వాళ్లు అడిగితే, ఇయ్యలేదప్పా అని మాత్రం అన్నాడు. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. వాళ్లు మాత్రం మా కోసం అడిగినాడు, దొరలు కాదన్నారు అనుకున్నారు. వాళ్లలో వేళ్లు చెడిన పెద్దాయన ఒకాయన, ఏటేటా కొడుకులు నేసిన పంచె తెచ్చి జేజినాయన కాళ్ల దగ్గర పెట్టి దండం పెట్టేవాడు. ఆ పంచెలు ఒక్కటీ కట్టలేదు మా జేజినాయన. మడతలు విప్పకుండా పెట్టెలో ఉండేవి. నిజం చెప్పేయొచ్చు కదా అంటే, ఏ మొగంతో చెప్పేది అన్నాడు. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

మరుసటి ఏడే పోయాడు. పదకొండో రోజున ఆ నేతపెద్దాయన వచ్చాడు. వంకర తిరిగిన వేళ్లతో నా తల నిమిరి, అరుగు మీద కూర్చోబెట్టుకున్నాడు.

"అంత పెద్ద సభలో మా కోసరం లేసినోడు మీ జేజినాయనొక్కడే పాపా. నువ్వు ఇంగ్లీసు సదువుతాండావంట గదా. ఆయప్ప ఏమని అడిగినాడో రాసుంటాదంట, రోంత సెప్పు తల్లీ, ఇని పోతా."

పుస్తకం తెచ్చాను. మొదటి అక్షరం నుంచి చివరి దాకా తెలుగులో చెప్పాను, పోగు పట్టాల్సిన వేళ్లు అన్న చోట ఆయన తన చేతులు చూసుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. అడుగున ఉన్న పంక్తి దగ్గర నా వేలు ఆగిపోయింది. పుస్తకం మూసేశాను.

ఇప్పుడు శాసనసభ టీవీలో వస్తుంది, ఎవరు లేచారో ఎవరు లేవలేదో షేర్ ఆటోలో పోయే పిల్లలు కూడా ఫోన్లో చూసి నవ్వుకుంటారు. మంచిదే, అబద్ధానికి అంత చోటు లేదు. ఆ రోజు మాత్రం ఆ ముసలాయన లేచి, కండువాతో కళ్లు తుడుచుకుని, "శానా బాగ అడిగినాడు పాపా" అని, తన ఊరికి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆయన మలుపు తిరిగేదాకా నేను చూస్తూనే కూర్చున్నాను. లేవలేదు.