టెంకాయ దెబ్బకు చెదరని ఓడ

ఓడలు మునిగిన కథలు మీరు శానా చదివుంటారు. తుఫాను కొట్టిందనో, చీకట్లో కొండను ఢీకొందనో ఏదో ఒక మర్యాదస్తమైన కారణం ఉంటుంది వాటికి. నేను ముంచిన ఓడకు అలాంటి మర్యాదలేమీ లేవు. గాలి లేదు, అల లేదు. పట్టపగలు, మోకాలి లోతు నీళ్ళలో, జిల్లా విద్యాధికారి ఎదుట, చప్పట్లు ఇంకా చెవుల్లో మోగుతుండగానే ముంచాను. సముద్రం పేరు వినడమే తప్ప వాసన కూడా తగలని ప్రొద్దుటూరులో ఓడ ప్రమాదం జరిపించిన ఘనత నాదొక్కడిదే. ఆ ఘోరం ఎట్లా జరిగిందో చెబుతాను, నవ్వుకోండి. నాకేం అభ్యంతరం లేదు, ఊరంతా అప్పుడే నవ్వేసింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలు. జమ్మలమడుగులో ఒక బడిలో నేను క్రాఫ్టు మాస్టరుని. మాస్టరునంటే తాత్కాలికపు మాస్టరుని. ఎండాకాలం రాగానే తీసేస్తారు, బడి తెరిచాక బుద్ధి పుడితే పిలుస్తారు. మా అమ్మ ఏ సంబంధం కదిపినా, ముందు పిల్లోని ఉద్యోగం నిలబడనీమ్మా అనేవాళ్ళు. ఆ మాట విని విని ఆమె నన్ను చూస్తేనే నిట్టూర్చేది.

ఇలా ఉండగా మా హెడ్మాస్టరు ఒకరోజు పిలిచారు. ప్రొద్దుటూరులో బడులన్నిటికీ కలిపి ప్రదర్శన పెడుతున్నారట, విద్యాధికారి స్వయంగా వస్తాడట. మన బడి వస్తువు ఆయనకు నచ్చితే అక్కడికక్కడే నీ పర్మనెంటు సంగతి అడుగుతాను, నచ్చకపోతే మాత్రం వచ్చే ఏడు ఇంకెక్కడన్నా చూసుకో అన్నారు. గండికోట చేస్తానన్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. అట్టముక్కల గండికోట లేని ప్రదర్శన ఈ జిల్లాలో జరగనే లేదట. అధికారిది బందరు కాబట్టి ఓడ చెయ్యమన్నారు.

నేను జన్మలో సముద్రం చూడలేదు. పెన్నేరు చూశాను, దాన్ని కూడా చెప్పులతో నడిచి దాటాను. అయినా క్యాలెండరులో ఒక ఓడ బొమ్మ దొరికింది. మా వీధి చివర వడ్రంగి మస్తాన్ మామ తోడున్నాడు. ఇద్దరం కలిసి టీ పెట్టెల పలకలతో ఉయ్యాల తొట్టి అంత ఓడ చేశాం. దాన్ని చంకలో పెట్టుకుపోయి, నూలుకు రంగులద్దే వాళ్ళ రాతి తొట్టిలో వదిలితే బాతులాగ తేలింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఓడ చూడ్డానికి హెడ్మాస్టరు వచ్చారు. చుట్టూ తిరిగి చూసి, మెచ్చుకుని, వెళ్ళబోతూ గుమ్మంలో ఆగారు.

"ఓడను నీళ్ళలోకి దించే ముందు దాని మీద టెంకాయ కొడతారంట. మనం సారు చేత డెక్కు మీదనే కొట్టిద్దాం."

"పల్చటి పలకలు సార్. పగిలిపోతాయి."

"పగలకుండా గట్టి చెయ్యి. సారు టెంకాయ కొట్టినప్పుడు డెక్కు పగిలిందంటే నీ ఉద్యోగం కూడా దాంతోపాటే పోయిందనుకో."

ఆయన అటు వెళ్ళగానే ఒక టెంకాయ కొట్టి చూశాను. కాయ పగల్లేదు. డెక్కును చీల్చుకుని ఓడ కడుపులోకి పోయి కూర్చుంది. దాన్ని బయటికి తీసేసరికి ఇంకో రెండు పలకలు ఊడాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ. మస్తాన్ మామ మాత్రం బీడీ ముట్టించి తాపీగా చూస్తున్నాడు.

"ఏందప్పా, దీనికే ఇంత దిగులు పడతాండావు? పైన కప్పు గట్టిగుండాల, అంతే గదా. మిద్దె ఎయ్యడం మనకు తెలీదా ఏంది?"

అమ్మా, ఎంత మాట. ఆ మాటతో నా నెత్తిన పాలు పోసినట్టయింది. మా సీమలో మిద్దె అంటే ఆషామాషీ కాదు. కింద దూలాలు, వాటిమీద అడ్డంగా దంతెలు, పైన కడప బండలు పరిచి, సందుల్లో సున్నం పెట్టి, ఆపైన చౌడుమట్టి తొక్కితే మనవల కాలందాకా కదలదు. పెళ్ళిళ్ళకు వందమంది మిద్దెక్కి భోంచేసినా కదలదు, ఇక టెంకాయ ఒక లెక్కా. ఇద్దరం గుడ్డ నడుముకు చుట్టి దిగాం. చండ్రచెక్కతో బుల్లి దూలాలు, బుల్లి దంతెలు. పలచటి బండముక్కలు అరగదీసి పరిచాం. సున్నం పెట్టాం. చౌడుమట్టి తడిపి బొటనవేళ్ళతో తొక్కాం. ఇంట్లోకి వెలుతురు పడేందుకు మిద్దెకు గవాక్షం వదులుతారు కదా, అలవాటు కొద్దీ అది కూడా వదిలాం. బండ్ల మీదికి ఓడలు, ఓడల మీదికి బండ్లు వస్తాయని పెద్దలన్నారు. నా ఓడ మీదికి ఏకంగా బండలే వచ్చాయి.

తర్వాత పరీక్ష పెట్టాం. టెంకాయ తర్వాత టెంకాయ కొట్టాం. కాయలు పగిలాయి గాని డెక్కు చెదరలేదు. వీధిలో వాళ్ళు కూడా వచ్చి తలా ఒకటి కొట్టి సంబరపడ్డారు. ఆ వారమంతా మా వీధిలో టెంకాయ చట్నీ తప్ప ఇంకో కూర లేదు. మళ్ళీ నీళ్ళలో వేసి చూడాలని ఒక్కరికీ తోచలేదు. ఎందుకు తోస్తుంది చెప్పండి? తేలడం ముందే చూశాం కదా. ఒకసారి ఈత వచ్చినవాడు మళ్ళీ మరిచిపోతాడా?

ప్రొద్దుటూరుకు ఎద్దులబండి మాట్లాడాం. మొన్న నా చంకలో ఇమిడిన ఓడను ఎత్తడానికి ఈసారి ముగ్గురం పట్టాం.

"బరువెక్కినట్టుండాది మామా" అన్నాను.

"గట్టి సరుకు బరువుగానే ఉంటాదప్పా. తేలిగ్గా ఉండాలంటే బెండుతో చేసుకోవల్ల" అన్నాడు మామ.

నిజమే కదా అనుకున్నాను. అదీ నా తెలివి.

ప్రదర్శనలో రాతి తొట్టి నింపి, సముద్రంలా కనబడాలని నీలిమందు కలిపారు. ఓడను పక్కన బల్లమీద పెట్టాం. తెల్లటి ఇస్త్రీ పంచె కట్టుకుని అధికారి వచ్చాడు. పాపం బొమ్మ కదా అని టెంకాయ మెల్లగా తాకించాడు. కొట్టండి సార్, గట్టిగా కొట్టండి అని హెడ్మాస్టరు ఎగదోశారు. ఈసారి బలం పెట్టి కొట్టాడు. కాయ రెండు చెక్కలయింది, డెక్కుకు గీత కూడా పడలేదు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన డెక్కు మీద అరచెయ్యి పెట్టి నొక్కి చూశాడు.

"ఏమండీ, మా బందరులో కూడా ఇంత గట్టి డెక్కు చూడలేదే. ఎవరు చేశారిది?"

హెడ్మాస్టరు నన్ను ముందుకు తోసి, పిల్లోడు ఇంకా పర్మనెంటు కాలేదు సార్ అని చెవిలో వేశారు. దానికేముందండీ చేద్దాం అన్నాడాయన. ఆ క్షణాన నేను పర్మనెంటు అయిపోయాను. మా అమ్మ మొహం కళ్ళముందు మెదిలింది. ఆయన అప్పుడే కారెక్కి వెళ్ళిపోయి ఉంటే ఎంత బాగుండేది.

"ఏదీ, నీళ్ళలో వదలండి చూద్దాం" అన్నాడు.

ముగ్గురం ఎత్తి వదిలాం. తేలుతున్నట్టు నటించనైనా లేదండీ అది. బావిలో జారిన బిందె కూడా కాసేపు బుడబుడమంటుంది. ఇది దబ్బుమని అడుక్కి పోయింది. ఎగిసిన నీలిమందు నీళ్ళు అధికారి పంచె మీద పడ్డాయి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు. నేను ఏట్లో దిగకముందే బోడి మల్లయ్యనయ్యాను.

హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నారు. "ఇది నీళ్ళ కింద పోయే రకం సార్."

"మరి పైకెప్పుడు వస్తుందండీ?"

హెడ్మాస్టరు నా వైపు చూశారు. నేను తొట్టి వైపు చూశాను.

అధికారి పంచె పిండుకుంటూ, డెక్కు ఎట్లా కట్టావో చెప్పమన్నాడు. దూలాలు మొదలుకుని చౌడుమట్టి దాకా ఒక్కటీ వదలకుండా చెప్పాను. చెబుతుంటే కాస్త గర్వం కూడా వచ్చింది, అబద్ధమెందుకు.

"ఇది మిద్దె కదయ్యా" అన్నాడు.

"అవును సార్."

"మరి దీన్ని నీళ్ళలో ఎందుకు పెట్టావు?"

అంతటితో ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, కారెక్కి కూడా నవ్వుతూనే వెళ్ళాడు. నేను ఇంటికొచ్చి ముసుగు తన్ని పడుకున్నాను. ఉద్యోగం గోవిందా అనుకున్నాను.

ఎండాకాలం పోయాక చూస్తే, నన్ను పర్మనెంటు చేస్తూ ఉత్తర్వు వచ్చింది. పులివెందుల దగ్గర వేములకు వేశారు. మా అమ్మ నవ్వింది, ఏడ్చింది, వీధంతా చక్కెర పంచింది. వేములే ఎందుకని హెడ్మాస్టరును అడిగాను. నీ ఉత్తర్వు మీద సంతకం పెట్టే ముందు, ఈ జిల్లాలో నీళ్ళు బొత్తిగా దొరకని ఊరేదని సారు అడిగినాడంటప్పా అన్నారాయన.

సారు లెక్క తప్పలేదు. తాగే నీళ్ళకే బిందెల వరుస ఉండే ఊళ్ళో ఓడ ముంచడం ఎవరి తరం? అయితే ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు నాకు ఆ ఊళ్ళోనే దొరికింది. తప్పు నా డెక్కుది కాదు, నీళ్ళది. అందుకే ఆనాడు తూర్పుకు తిరిగి, చేతులు జోడించి, మనసా వాచా ఒట్టు పెట్టుకున్నాను, ఈనాటికీ తప్పలేదు. ఈ కట్టె కాలేలోగా ఇంకెన్ని ఓడలైనా చేస్తాను, వాటికి ఇంతకంటే గట్టి మిద్దెలే వేస్తాను గాని, చచ్చినా వాటిని నీళ్ళలో మాత్రం పెట్టను.