చింతచెట్టుకు బయానా

మా పక్కింటి మావయ్య పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను జగదల్‌పూర్ నుంచి వచ్చే బస్సులో ఉన్నాను. మా ఊరు దంతెవాడలో దిగేసరికి అంతా అయిపోయింది. చివరిచూపు దక్కలేదన్న బాధ ఇంకా నన్ను వదల్లేదు.

కిరండూల్ రైలు లైన్లో ఇనుపరాయి గూడ్సుబళ్లు నడిపిన మనిషి. రిటైరయ్యాక సొంతూరు విజయనగరం వెళ్లకుండా ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. పొద్దున్నే ఒక చేతిలో గాజు గ్లాసులో టీ, ఇంకో చేతిలో ఫోను. షేర్ మార్కెట్ తెరిచారంటే అత్తయ్య పిలిచినా పలికేవారు కాదు.

నాకు ఆప్షన్లు నేర్పింది ఆయనే. షేర్లు కొనకుండానే, ఫలానా రేటుకి ఇస్తానన్న ఒప్పందం, అంటే కాల్, అమ్మేసి ప్రీమియం సంపాదిద్దామని నేను ఉబలాటపడితే, పెరట్లోకి తీసుకెళ్లి చింతచెట్టు చూపించారు.

“సెట్టు లేకుండా సింతపండుకి బయానా పుచ్చుకుంతావేటమ్మా?”

ఏటా కాయ ముదరకముందే ఒక వ్యాపారి వచ్చి, రేటు ఖాయం చేసుకుని బయానాగా కొంత డబ్బు ముందే ఇచ్చి వెళ్లేవాడు. కోతనాటికి సంతలో ధర తగ్గితే అతను రానక్కర్లేదు. బయానా, పండూ మనకే. పెరిగితే మాత్రం పాత రేటుకే ఇచ్చేయాలి. చేతిలో ఉన్న షేర్ల మీద అమ్మే కవర్డ్ కాల్ అంటే ఇంతేనని, ప్రీమియమే బయానా అని అన్నారు. ధర మరీ పడిపోతే బయానా ఆ నష్టాన్ని పూడ్చదని కూడా హెచ్చరించారు.

ఒకసారి ఆయన ముచ్చటపడి దాచుకున్న షేర్లు అలాగే పోయాయి. కాల్ అమ్మగానే ధర ఎగబాకింది. అత్తయ్య మూతి ముడుచుకుంది.

“మనం ఒప్పుకున్న రేటే కదేటి? ఏడుపెందుకు?” అని నవ్వి, సాయంత్రం అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించారు. ఆ నవ్వు కోసమే నేను రోజూ వాళ్లింటికి వెళ్లేదాన్ని.

మొన్న వ్యాపారి గోతాలతో వచ్చి గేటు దగ్గరే ఆగిపోయాడు. ఈసారి చింతపండు ధర బాగా పెరిగింది. బయానా పుచ్చుకున్న మావయ్య లేరు. వానలు రాకముందే ఇంటి పైకప్పు బాగుచేయించాలని అత్తయ్య చెబుతూనే ఉంది.

“చాచీ, భావ్ పెరిగింది. మీరు వద్దంటే బయానా వాపస్ తీసుకుంటా” అన్నాడు అత్తయ్యతో.

ఆమె చెట్టుకేసి చూసింది.

“ఆయన సెప్పిన రేటే. ఎక్కు బాబూ.”

అతను కొమ్మలు దులుపుతుంటే కాయలు జలజలా రాలాయి. అత్తయ్య లోపలికి వెళ్లి, మావయ్య గాజు గ్లాసు కడిగి, అతనికి అందులోనే టీ పోసి తెచ్చింది.