పొయ్యిలో వేసిన టమాట విత్తనం

పన్నెండేళ్ల కిందటి మాట; హైదరాబాద్ రాష్ట్రం ఇంకా ఉన్న రోజులు. నాకు కొత్తగా పెళ్లయింది. ఖానాపూర్ దగ్గరి మా పల్లెలో టమాట విత్తనం కావాలంటే అందరూ మా అవ్వ దగ్గరికే వచ్చేవారు. అవ్వ అంటే మా అమ్మ. మేలైన పండ్ల గింజలను పిడకకు అద్ది, ఎండబెట్టి, అటక మీద దాచేది.

ఒక ముసురు పొద్దున, స్నానానికి నీళ్లు కాచుకుంటూ, చూసుకోకుండా ఆ పిడకనే పొయ్యిలో పెట్టేశాను. అవ్వకు చెప్పే ధైర్యం లేక, సంతలో విత్తనం కొని మరో పిడకకు అద్ది పెట్టాను.

ఆ ఏడు విత్తనం పంచింది నా భార్య. అందరి పెరట్లోనూ చప్పటి కాయలే కాశాయి.

"కోడలు చేతుల పడ్డంక గింజ గుణమే పోయింది వదినె!" అంది పక్కింటావిడ, నలుగురి ముందు.

"ఇగ నువ్వు విత్తనం ముట్టకు పిల్లా" అంది అవ్వ.

నా భార్య తల వంచుకుంది. నేను గొడ్లకు నీళ్లు పెట్టే వంకతో అక్కణ్ణుంచి జారుకున్నాను.

ఆమె ఆసిఫాబాద్‌లోని పుట్టింటికి వెళ్లి ఒక మూట తెచ్చింది. "పోయినేడు నువ్వు మా అవ్వకిచ్చిన గింజలే కాసినయి అత్తా. ఇవి నీయే." ఆ విత్తనమే ఇప్పటికీ మా ఊళ్లో పండుతోంది.

మొన్న ఆమెతో నిజం చెప్పాను. పకపకా నవ్వింది.

"కాయలు చూసినంక సమజైంది. గా పిడకకు గింజలు కుప్పలు కుప్పలుగ అద్దినవు. అత్త అట్ల అద్దుతదా?"

"మరి అప్పుడే అడగకపోయినవా?"

"నువ్వే చెప్తవని చూసిన."

పన్నెండేళ్లు ఎదురుచూసింది. నింద పడింది నలుగురిలో కనుక, నలుగురూ చదివే చోటే చెబుతున్నాను: ఆమె చెయ్యి మంచిదే. తప్పు నాది.