జబ్బులు నటించే అమ్మాయి

ఆ అమ్మాయికి ఒంట్లో ఏ రోగమూ లేదు. అయినా హాస్టల్లో అందరూ ఆమెను రోగాల రాణి అనే పిలిచేవాళ్ళు. పొద్దున్నే జుట్టు చెదరగొట్టుకుని, నలిగిన చొక్కా వేసుకుని గది దాటుతుంటే చాలు, పక్క మంచం పిల్ల దుప్పట్లోంచి తల బయటపెట్టేది.

"ఈవేళ ఏం జబ్బే రాణీ? అంటుకునేదైతే దూరంగా నడువు."

"కడుపునొప్పి. కుడివైపు నొక్కితే కెవ్వుమనాలి. నువ్వు నొక్కకు, నీ దగ్గర డబ్బుల్లేవు," అనేసి చెప్పులేసుకుని చక్కా పోయేది.

ఆమె చదివేది చరిత్ర, ఆఖరి సంవత్సరం. వాళ్ళ నాన్న బస్టాండు దగ్గర తాళాలు బాగుచేస్తాడు. అమ్మది ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పని. ఇద్దరి సంపాదనా ఇల్లు గడవడానికి బొటాబొటిగా సరిపోయేది. అందుకని ఈ పిల్ల చేయని పని లేదు. లైబ్రరీలో పుస్తకాలు సర్దింది. రొట్టెల దుకాణం ఆయన కూతురికి లెక్కలు చెప్పింది. ఆ కూతురికి లెక్కలు రాలేదు గానీ, ఈమెకు మాత్రం నిన్నటి రొట్టెలు ఊరికే దొరికేవి.

అన్నిట్లోకీ బాగా గిట్టుబాటైంది రోగి వేషం. పక్కనే ఉన్న వైద్య కళాశాలలో పరీక్షలకు రోగులు కావాలి. నిజం రోగుల్ని పట్టుకొచ్చి పొద్దస్తమానం పొట్టలు నొక్కిస్తే ఊరుకుంటారా? అందుకని నటించేవాళ్ళను పెట్టుకుంటారు. నీకు ఎక్కడ నొప్పి, ఏం అడిగితే ఏం చెప్పాలి, అన్నీ ముందే నేర్పుతారు. గంట మోగితే ఒక డాక్టరు విద్యార్థి లోపలికొస్తాడు, మళ్ళీ మోగితే పోతాడు, ఇంకొకడొస్తాడు. మూలన కూర్చున్న డాక్టరు మార్కులు వేస్తుంది. అక్కడ నియమం ఒక్కటే. వచ్చిన ప్రతివాడికీ అదే జబ్బు, అదే జవాబు. నేర్పింది దాటి ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడినా మళ్ళీ గుమ్మం తొక్కనివ్వరు. సబబే కదా, ఒకడికి ఒక రోగం, ఇంకొకడికి ఇంకో రోగమైతే అదేం పరీక్ష?

ఆ ఏడు వాళ్ళ నాన్న మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. తాళాల పని ఎడమచేత్తో అయ్యేది కాదు. ఎవరూ అడక్కుండానే, ఫీజుకని దాచుకున్నదంతా ఈమె ఇంటికి పంపేసింది. "మరి నీ ఫీజో?" అని అమ్మ ఫోన్లో అడిగితే, "కట్టేశానమ్మా, నువ్వు కంగారు పడకు," అని తడుముకోకుండా అబద్ధమాడింది. నటన అలవాటే కదా! శుక్రవారం లోపల కట్టకపోతే పేరు తీసేస్తారు. మూడేళ్ళ చదువూ గంగలో కలిసినట్టే. ఆ వారమంతా వైద్య కళాశాలలో పరీక్షలున్నాయి. అన్ని రోజులూ వేషం వేసి, తిండి దగ్గర కాస్త బిగబట్టుకుంటే ఫీజు గట్టెక్కుతుందని ఆమె లెక్క.

మొదటి రోజు తలనొప్పి వేషం. కుట్టుపని చేసే మనిషి, చూపు తగ్గింది, కళ్ళద్దాలు కావాలి, ఆ సంగతి ఆ మనిషికే తెలియదు, వచ్చిన విద్యార్థే అడిగి కనిపెట్టాలి. అదీ పాత్ర. "ఇంట్లో ఇబ్బందులేమైనా ఉన్నాయా?" అని అడిగితే "ఏమీ లేవండీ" అనాలి. పొద్దున్నించీ వచ్చినవాళ్ళంతా ఆ ప్రశ్నను బస్సు కండక్టరు టికెట్ అడిగినట్టు అడిగి వెళ్ళారు. ఈమె కూడా అలాగే "ఏమీ లేవండీ" అంటూ వచ్చింది.

తరవాత ఒక బొద్దబ్బాయి వచ్చాడు. ఆమె మొహంలోకి చూసి, పట్టుకున్న పెన్ను పక్కన పెట్టేశాడు.

"పొద్దున ఏమన్నా తిన్నారా అండీ?"

ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు నేర్పలేదు. "లేదు," అంది.

"అయ్యో, ఎందుకని?"

అంతే. పాపం, ఎన్నాళ్ళయిందో ఆ పిల్లను అలా ఒకరు అడిగి! గొంతు తగ్గించి ఉన్నదంతా కక్కేసింది. ఫీజు, నాన్న చెయ్యి, శుక్రవారం, అమ్మతో ఆడిన అబద్ధం. ఆ అబ్బాయి కుర్చీ దగ్గరికి జరుపుకుని వింటూ కూర్చున్నాడు. కళ్ళ మాటే ఎత్తలేదు. గంట మోగింది. వాడు బిక్కమొహం వేసుకుని బయటికి పోయాడు.

మూలనున్న పెద్ద డాక్టరమ్మ అంతసేపూ అంతకుముందు వచ్చినవాడి మార్కులు వేసుకుంటూ తల వంచుకునే ఉంది. ఇప్పుడు తలెత్తింది.

"కళ్ళ గురించి అడిగాడా?"

"లేదు మేడమ్."

"ఇంతసేపూ ఏం చేశాడు మరి? పోయినసారీ తప్పాడు వీడు. ఈసారి కూడా పోతే ఏడాదంతా మళ్ళీ చదవాల్సిందే," అంటూ పెన్ను తీసింది.

ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. రేపూ ఎల్లుండీ పిలుస్తారు, ఫీజు కట్టేయొచ్చు. నోరు విప్పితే తన చదువు పోతుంది, విప్పకపోతే వాడి చదువు.

"మేడమ్, ఆ అబ్బాయి తప్పు కాదండీ. నేనే పాత్ర వదిలేసి నా గొడవ చెప్పుకున్నాను."

డాక్టరమ్మ భగ్గుమంది. "బుద్ధుందా నీకు? ఆ కుర్రాడి ఏడాది పోయేది!" కాసేపు తిట్టాల్సినవన్నీ తిట్టింది. మధ్యాహ్నం వేరే రోగితో వాడికి మళ్ళీ పరీక్ష పెట్టమని కబురంపింది. "ఈ పూట డబ్బు తీసుకో. రేపట్నించి రావద్దు. ఈ విషయంలో నేను చేయగలిగింది లేదు," అంది.

ఆమె తలూపి లేచింది.

"ఆగు. వాడితో చెప్పుకున్నది నిజమేనా? ఏమిటది?"

చెప్పింది, తలెత్తకుండానే.

"మీ యూనివర్సిటీలో సహాయ నిధి ఉందిగా. అడిగావా?"

"అది లేనివాళ్ళకి కదా మేడమ్."

డాక్టరమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. కోపమంతా ఎటు పోయిందో పోయింది. "మరి నువ్వెవరివమ్మా?" అంది.

ఆ సహాయ నిధి గది ఆమెకు తెలియక కాదు సుమా. పక్క మంచం పిల్లను చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్ళింది ఈమే. ఇంకా ఎంతమందికో, "సిగ్గెందుకే, మన కోసమేగా పెట్టారు," అని ధైర్యం చెప్పి, దరఖాస్తు దగ్గరుండి నింపించింది. తన దగ్గరికొచ్చేసరికి మాత్రం, మనం ఒకరి ముందు చెయ్యి చాపే మనుషులం కాదని అమ్మ అనే మాట అడ్డం పడేది. ఎంత పిచ్చిపిల్ల!

మధ్యాహ్నానికి ఆ గది ముందు నిలబడింది. లోపలి గుమాస్తా కళ్ళజోడు సవరించుకుని నవ్వాడు.

"రామ్మా, రా. ఈసారి ఎవర్ని తీసుకొచ్చావు?"

రోజంతా పరాయివాళ్ళ నొప్పికి మూలిగే పిల్ల, సొంత నొప్పి చెప్పాల్సొచ్చేసరికి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. గుమాస్తా ఆమె వెనక ఎవరైనా ఉన్నారేమోనని తొంగి చూశాడు. ఖాళీ వరండా.

"ఎవర్నీ తీసుకురాలేదండీ," అంది చివరికి. కళ్ళనీళ్ళు జలజలా రాలాయి, ఈసారి ఎవరూ నేర్పకుండానే. "నాకే. నాకే కావాలి."

ఆయన నవ్వడం మానేశాడు. లేచి వచ్చి, తన కుర్చీయే ఆమె వైపు జరిపాడు. "కూర్చో తల్లీ. ఫీజు గడువు శుక్రవారమేగా, ఆ సంగతి నేను ఇప్పుడే మాట్లాడతాను. ముందు నువ్వు కూర్చో."