రమణ బావ కోసం నేను పెట్టిన మైకులు

పలాసలో నా పేరు చెప్పుకుని జనం ఏడాది పాటు నవ్వారు. ఆ ఘనత నేను ఒంటిచేత్తో సాధించుకున్నదే.

రెండువేల దశకం చివరి మాట. విశాఖలో ఆటిజం మీద రెండు రోజుల శిక్షణ పూర్తిచేసి, లోకంలోని జ్ఞానమంతా సంచిలో కుక్కుకొచ్చినవాడిలా రైలు దిగాను. మా మేనత్త కొడుకు రమణ బావకు ఆటిజం. ముప్పై ఏళ్లవాడు. జీడిపప్పు కార్ఖానాలో విరగని గుండ్లూ, విరిగిన బద్దలూ వేరుచేస్తాడు. ఆయన ఏరిన గుండ్లలో ఒక్క ముక్క దొరికితే కార్ఖానాలో అదే వార్త! మాట తక్కువ. గట్టి చప్పుడు అస్సలు భరించలేడు.

అంచేత నేనేం చేశాను? ఆటిజం గురించి ఊరికి అవగాహన కలిగించాలని ఊరేగింపు పెట్టాను! జీపు మీద రెండు మైకులు, వెనక డప్పులు. "టెక్కలి దాకా సరదాగా" అని అబద్ధమాడి బావను ముందు సీట్లో కూర్చోబెట్టాను.

మా ఊరి కాశీబుగ్గ సెంటర్లో జీపు ఆపి, మైకు అందుకున్నాను. "సోదరులారా! ఇలాంటివారికి శబ్దాలు పడవు!"

డప్పులు దంచేశారు. బావ చెవులు మూసుకున్నాడు.

"చూశారా! కళ్లారా చూశారా!" అన్నాను సంబరంగా. జనం చప్పట్లు కొట్టారు.

"సూరీ, ఇదంతా ఎవుల కోసం?" అన్నాడు బావ.

"నీ కోసమే బావా!"

"నా కోసమైతే ఆపీ."

ఆపితే ఎలా? ఉపన్యాసం ఇంకా మూడు పేజీలుంది మరి!

బావ జీపు దిగి, వెనక్కెళ్లి మైకు తీగ పీకేశాడు. డప్పులూ ఆగిపోయాయి.

"సప్పుడు పడదని సెప్పడానికి ఇంత సప్పుడేటిరా? నన్నొక్క ముక్క అడిగినావా?"

టీ కొట్టు అప్పలమ్మ గట్టిగా నిట్టూర్చింది. "ఇప్పుడరదమైంది బాబూ. నువ్వరిసినంతసేపూ ఏటీ తెలీనేదు."

సెంటరంతా ఒకటే నవ్వు.

బావ రెండు రోజులు పనికెళ్లలేదు, నాకు తలుపు తియ్యలేదు. మూడోనాడు తీశాడు.

"తప్పయిపోయింది బావా. ఈసారి ఎలా సెప్పమంటావు?"

"నువ్వు సెప్పకు. నాను సెప్తాను."

కార్ఖానాలో యంత్రాలు ఆపించి, పనివాళ్లందరికీ మెల్లగా చెప్పాడు. "నన్ను ఎనక నుంచి అరిసి పిలవొద్దు. ఎదటకొచ్చి సెప్పండి. పని మారితే ముందురోజే సెప్పండి." అంతే. అందరికీ అర్థమైంది, శిక్షణ పొందిన నాతో సహా.

కనుక పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి గురించైనా ఊరికి అవగాహన కలిగించే ముందు, అది నాకు కలిగిందో లేదో వాళ్లనే అడుగుతాను. లేదన్నారా, నోరు మూసుకుని కూర్చుంటాను.